గోడకు నెమ్ము చేసింది

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ పెద్దలకు రంగుడబ్బాలతో పరిచయం లేదు కాబోలు, మూడో మాట చెప్పకుండా ఊరుకున్నారు. "పాత గోడకు కొత్త రంగు వేసి చూడు" అన్నది ఆ మూడో మాట. ఆ పని నేను చేశాను. చేసి చూశాను. నేను చూసినదేమిటో నలుగురికీ చెబితే, వచ్చే వానాకాలానికి ముందు ఒకరిద్దరైనా కాస్త ఆగి ఆలోచిస్తారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా ఊరు పర్చూరు పక్కన ఒక పల్లె. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మాది గుంటూరు జిల్లా. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టాక ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారాయి గాని కాళ్లకింది నేల మారలేదు. అదే నల్లరేగడి. పత్తికీ, మిరపకూ ఆ నేల తల్లి. ఇంటికి మాత్రం సవతి తల్లి. వాన పడితే ఉబ్బుతుంది. ఎండ కాస్తే కుంచించుకుపోయి చెయ్యి దూరేటంత నెర్రెలిస్తుంది. ఆ మట్టిలోని సన్నని రేణువులు పొరపొరకూ మధ్య నీటిని దాచుకుంటాయి. పైన ఎండినట్టు కనిపించినా అడుగున చెమ్మ ఆరదు. పైరు బతికేది ఆ చెమ్మ మీదే. గోడ చచ్చేదీ ఆ చెమ్మతోనే.

ఆ నేలమీద మా తాతగారు 1960లలో ఇల్లు కట్టించారు. అడుగున్నర మందం ఇటుక గోడలు, గానుగ సున్నం, పైన పెంకులు, కింద నాపరాళ్లు. రాళ్ల మధ్య సందులు సందులుగానే ఉండేవి. ఏటా సంక్రాంతికి ముందు సున్నం కొట్టేవారు. వానాకాలంలో గోడ అడుగున మోకాలెత్తు దాకా ఒక గోధుమరంగు మరక తేలేది. మాఘమాసం వచ్చేసరికి దానంతట అదే ఆరిపోయేది. అక్కడక్కడ సున్నం రాలితే అమ్మ చీపురుతో ఊడ్చేసేది. అది ఒక జబ్బు అని ఎవరమూ అనుకోలేదు. ఇంటికి ఏటేటా వచ్చిపోయే చుట్టం అనుకున్నాం.

నడిమింటి గోడలో ఛాతీ ఎత్తున ఒక గూడు ఉండేది. మా నాన్నగారు బడిలో తెలుగు పంతులు. సాయంత్రాలు పొలాల వెంట తిరిగి పత్తి తీసే ఆడవాళ్ల నోటా, మిరప కల్లాల్లో పనివాళ్ల నోటా వినవచ్చే మాటలను నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. అట్లాంటివి ఏడు పుస్తకాలు. నిఘంటువుల్లో దొరకని మాటలవి. "ఈ గూట్లోకి చెమ్మ ఎన్నడూ ఎక్కలేదురా. బీరువా కన్నా ఇది భద్రం" అనేవారు. ఆయన పోయిన తరువాత కూడా ఆ పుస్తకాలు ఆ గూట్లోనే ఉన్నాయి. తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో తెలుగు చెప్పుకుంటున్న కొడుకును గదా, పదేళ్లుగా "ఈ సెలవుల్లో అన్నీ ఎత్తిరాస్తాను" అంటూనే ఉన్నాను.

ఇంతలో వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోశారు. కొన్నేళ్లకు దాని మీద మరొక పొర. మూడు మెట్లెక్కి వెళ్లవలసిన మా అరుగు రోడ్డుతో సమానమైంది. వీధిలో పడిన వాన మా గోడ మొదట్లో నిలవడం మొదలుపెట్టింది. మోకాలెత్తు మరక తొడ ఎత్తుకు వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మాయి ఓణీల వేడుక వచ్చింది. నలుగురూ వచ్చే ఇల్లు, ఫోటోలు తీసే ఇల్లు. మరక గోడలతో ఎట్లా? పట్నంలో రంగుల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు చెమ్మ తట్టుకునే రంగు డబ్బా చూపించి, "ఇది వేస్తే గోడలోకి చుక్క దిగదు మాస్టారూ" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. నేనే రెండో ప్రశ్న వెయ్యలేదు. లోపల ఇప్పటికే ఉన్న చుక్క ఎటు పోతుంది?

పాత సున్నం గీకించి, సిమెంటు పూత వేయించాను. దానిమీద పుట్టీ, దానిమీద ఆ రంగు రెండు చేతులు. నాపరాళ్ల మీద నున్నటి టైల్సు పరిపించాను. వేడుక బ్రహ్మాండంగా జరిగింది. గోడ అద్దంలా ఉందని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆ ఏడు వానాకాలం గడిచింది. మరక జాడ లేదు. నన్ను మించిన తెలివైనవాడు లేడనుకున్నాను.

రెండో ఏడు కార్తీకంలో నడుము ఎత్తున గోడకు బొబ్బలు లేచాయి. వేలితో నొక్కితే చిట్లి, లోపలినుంచి తెల్లటి పిండి రాలింది. అమ్మ చిటికెడు తీసి నలిపి చూసి, "చవుడురా ఇది" అంది. మా బావగారు ధర కోసమని వేసవిలో ముందుగదిలో గోడకు ఆనించి వేసిన మిరప టిక్కీలను ఆ రోజుల్లోనే యార్డుకు తోలారు. అడుగువరస కాయలకు బూజు పట్టింది. గుంటూరు యార్డులో కొనుగోలుదారు టిక్కీలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసి, తాలు కింద కడతానన్నాడట. బావగారు నన్నేమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది.

ఆ రాత్రి అనుమానం వచ్చి గూటి తలుపు తీశాను. ఏడు పుస్తకాలూ ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా బిగుసుకుపోయి ఉన్నాయి. సిరా నీలంగా కారి గూటి అడుగున మడుగుకట్టి ఎండింది.

తప్పంతా రంగుడబ్బాదే అనడం తేలిక. కాని అరవై ఏళ్లు ఆ గూట్లోకి రాని చెమ్మను అక్కడిదాకా ఎక్కించింది ఎవరు?

ఆ సంగతి చెప్పింది మా నాన్నగారి కాలంనాటి తాపీమేస్త్రీ. గోడను అరచేత్తో తడిమి, టైల్సు వంక చూసి, నా వంక చూసి నవ్వాడు.

"పడిశం పట్టినోడి ముక్కులో దూది కుక్కితే పడిశం తగ్గుద్దా మాస్టారూ?"

"తగ్గదు."

"మరేంది? నోట్లోంచి వస్తది. మీ గోడకూ అంతే. కింద ఊపిరాడకుండా మూశారు, పైకెక్కింది."

ఇంత తేలికైన మాట వెనక ఉన్న శాస్త్రమూ తేలికే. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్టు, ఇటుకలోని వెంట్రుకవాసి రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. ఆ నీరు గోడ ముఖం మీదికి వచ్చి గాలిలో ఆరిపోతుంది. కిందనుంచి ఎంత ఎక్కుతోందో, పక్కనుంచి ఎంత ఆరుతోందో, ఆ రెండూ సరితూగిన ఎత్తున మరక ఆగుతుంది. మా తాతగారి సున్నపు గోడ మోకాలెత్తుకే ఆరబెట్టుకోగలిగింది. రాళ్ల సందుల్లోంచి నేల కూడా కొంత ఆవిరిని వదిలేది. నేను ఆ సందులు మూశాను. ఆ ముఖానికి సిమెంటు, పుట్టీ, రంగు పొరలు కప్పాను. ఆరే దారి లేక నీరు ఇంకా పైకెక్కి దారి వెతుక్కుంది. ఛాతీ ఎత్తున రంగు వెయ్యని గూడు దొరికింది. అక్కడ ఊపిరి పీల్చుకుంది.

ఆ నీరు ఒంటరిగా రాదు. నేలలోని లవణాలను కరిగించి వెంట తెస్తుంది. నీరు ఆవిరై పోతుంది, లవణం మిగిలి గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు రంధ్రాల గోడలను నెట్టుతుంది. ఆ తోపుడుకు ఇటుక ముఖమే పొరలుగా ఊడుతుంది. రంగు ఒక లెక్కా? అమ్మ "చవుడు" అన్నది దీన్నే.

ఈ జబ్బు మా ఇంటిదే కాదు. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. అందులో కొన్ని అక్కడినుంచి లండనుకు పోయాయి. మద్రాసు మ్యూజియంలో మిగిలినవాటిని తరువాతి కాలంలో గోడల్లో పొదిగి సిమెంటుతో బిగించారు. కదలకుండా భద్రంగా ఉండాలనే ఉద్దేశం. కాని గోడలోని తేమా, లవణాలూ మన పల్నాటి సున్నపురాతిలోకి చేరి, రాతిముఖం పొరలు పొరలుగా లేవడం అక్కడి సంరక్షకులకు పెద్ద చిక్కు అయింది. రెండువేల ఏళ్ల నాటి రాళ్లకే ఆ గతి పట్టింది. మా నాన్నగారి కాగితాలు ఎంత?

సముద్రంలో తేలుతున్నట్టుండే వెనిస్ నగరంలో పూర్వపు మేస్త్రీలు ఇటుక గోడ కింద ఇస్ట్రియా రాతి వరుసలు పేర్చేవారు. ఆ రాయి నీటిని అంతగా పీల్చదు. దానిపైన ఇటుక పొడిగా ఉండేది. శతాబ్దాలు గడిచేకొద్దీ నేల కుంగింది, సముద్రమట్టం పెరిగింది. నీరు ఆ రాతి వరుసను దాటి ఇటుకను పట్టుకుంది. మా వీధిలో సముద్రం లేదు గాని రోడ్డు ఉంది. అది పెరిగి మా అరుగును దాటింది. కథ ఒకటే.

మన భాషలో ఒక మాట ఉంది. నెమ్ము. గోడలో ఊరిన చెమ్మనూ నెమ్ము అంటాం, పసివాడి రొమ్ములో చేరిన జబ్బునూ నెమ్ము అంటాం. తరగతిలో ఈ మాట వచ్చినప్పుడల్లా నానార్థాలు చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ చలికాలం అమ్మకు ఆయాసం ఎక్కువై ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, "ఇంట్లో గోడలకు బూజు ఉందా?" అని. తడిగోడ మీద పెరిగే బూజు గాలిలోకి వదిలే రేణువులు ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరిని ఇంకా బిగబట్టిస్తాయట. అప్పుడు తెలిసింది నాకు. అవి రెండర్థాలు కావు.

ఇక మీ సంగతి చూద్దాం. మీ గోడకు చెమ్మ వస్తే మొదట రంగుల దుకాణానికి వెళ్లకండి. నీరు మూడు దారుల్లో ఒకదానినుంచి వస్తుంది. ఒకటి, పునాది నుంచి పైకి. రెండు, బయటి గోడమీద పడే వాననుంచో, కారే గొట్టం నుంచో, పగిలిన కప్పునుంచో. మూడు, ఇంట్లోని ఆవిరే చల్లటి గోడకు తగిలి. మొదటిదాని మరక అడుగున మొదలై ఒక ఎత్తున వరసగా ఆగుతుంది. రెండోదాని మరక ఎక్కడ కారితే అక్కడే ఉంటుంది. మూడోది గాలి ఆడని మూలల్లో, బీరువాల వెనక నల్లటి బూజుగా కనిపిస్తుంది.

అనుమానం తీరకపోతే మేస్త్రీ చెప్పిన చిన్న పరీక్ష ఉంది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులాగి చూడండి. గోడవైపున నీటిచుక్కలుంటే చెమ్మ గోడలోనిది. గదివైపున ఉంటే గాలిలోనిది. ఖర్చు లేని వైద్యపరీక్ష.

గాలిలోనిదైతే కిటికీలు తెరిచి, వంటింటి ఆవిరి బయటికి పోయే దారి చూపితే చాలావరకు తగ్గుతుంది. బయటినుంచి వచ్చేదైతే ముందు గొట్టమూ, కప్పూ, గోడ పగుళ్లూ బాగు చేసుకోవాలి. ఆ తరువాత బయటివైపు వానను ఆపే రంగు వెయ్యడం మంచిదే. అక్కడే దానికి నిజమైన కొలువు. వాన కొట్టే పడమటి గోడ, పిట్టగోడ, స్నానాలగది వంటి చోట్ల, గోడ పూర్తిగా ఆరిన వేసవిలో వెయ్యాలి. తడిసిన గోడమీద వేస్తే తడిగుడ్డను పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే.

పునాదినుంచి ఎక్కే చెమ్మ అయితే ఏ రంగూ దాన్ని ఆపదు. కొత్త ఇల్లు కట్టుకునేవారు అదృష్టవంతులు. పునాది ముగిసి గోడ మొదలయ్యేచోట ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్లలో, నీటిని ఆపే మందు కలిపి, అంగుళమున్నర మందాన కాంక్రీటు పొర వేసి, పైన తారు పూయించండి. దీన్నే ఇంజనీర్లు డి.పి.సి. అంటారు. మొత్తం ఇంటి ఖర్చులో అది ఉప్పుగల్లంత. గచ్చు కింద ముతక కంకర, దానిపైన మందపాటి పాలిథీన్ షీటు, ఆపైన కాంక్రీటు వేస్తే నేలచెమ్మ పైకి రాదు. ఆ షీటు లేని నేలమీద ఎంత ఖరీదైన నేలరంగు వేసినా కొన్నాళ్లకు అప్పడంలా లేస్తుంది.

పాత ఇల్లు ఉన్న నాలాంటివాళ్లం మాత్రం వరసగా పని చేసుకురావాలి. నేను ఏం చేశానో చెబుతాను.

మొదట గోడ మొదట్లో పేరుకున్న మట్టిని గచ్చు మట్టం కన్నా జానెడు కిందికి తీయించాను. వీధి నీరు నిలవకుండా అరుగు ముందు చిన్న కాలువ కట్టించి ఊరి మురుగుకాలువలో కలిపించాను. ఇంటి చుట్టూ బయటికి వాలుగా సిమెంటు చప్టా పోయించాను. రేగడి నేలలో ఇది మరీ ముఖ్యం. పునాది పక్కన నీరు తాగి ఎండుతూ ఉంటే నేల ఉబ్బి, కుంగి గోడను పగలదీస్తుంది. పగిలిన గోడమీద ఏ పూతా నిలవదు. అందుకే గోడ వెంబడి గుంట తవ్వి నీరు అందులో నిలవనివ్వకూడదు సుమా.

తరువాత మరక ఎత్తుకు పైన మరో మూర దాకా సిమెంటు పూతంతా కొట్టించేశాను. తేలిన చవుడును పొడి కుంచెతో దులిపించాను. నీళ్లతో కడిగితే మళ్లీ కరిగి లోపలికే పోతుంది. టైల్సు ఊడదీసి నాపరాళ్లను బయటపెట్టాను. గోడ అడుగున వరసగా బెజ్జాలు వేసి నీటిని వెనక్కు నెట్టే మందు ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది. అన్ని పాత గోడలకూ అది ఒకేలా పట్టదు. లోపల గుల్ల ఉంటే మందు ఎటో పోతుంది. మేస్త్రీ వద్దన్నాడు. "ముందు నీళ్లు రాకుండా చూసినం గదా, ఓ ఏడాది చూద్దాం. గోడ చెప్పుద్ది" అన్నాడు.

గోడ ఆరడానికి ఓపిక కావాలి. మందం అంగుళానికి ఒక నెల అని లెక్కవేసేవారున్నారు. నేను నెలనెలా మరక పై అంచున పెన్సిలుతో గీతగీసి తేదీ వేస్తూ వచ్చాను. ఏడాదిన్నర తరువాత పిడుగురాళ్ల సున్నం తెప్పించి సున్నపు పూత పూయించి, పైన సున్నమే కొట్టించాను. ఇటుక ఊపిరికి అడ్డురాని రంగులు బజారులో ఇప్పుడు దొరుకుతున్నాయి, కాని అమ్మ సున్నమే కావాలంది.

బావగారి టిక్కీలు ఈ ఏడాది కూడా మా ఇంట్లోనే ఉన్నాయి. కింద కొయ్యబల్లలు వేసి, గోడకు అడుగున్నర దూరాన పేర్చాం. మిరపకాయ చెమ్మను దూదిలా పీలుస్తుంది. బూజు పట్టిన కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. ధర పోవడం ఒక్కటే కాదు, తినేవాడి కాలేయానికీ ముప్పే.

ఇక పుస్తకాలు. ఒక్కొక్క కాగితాన్నీ విడదీసి నీడలో ఆరబెట్టాను. ఏడింటిలో నాలుగు కొంత చదవ వచ్చాయి. మూడు పోయాయి. చదవ వచ్చిన పేజీల్లో ఒకచోట నాన్నగారు తడికి సంబంధించిన మాటలన్నీ ఒక వరసన రాసుకున్నారు: తడి, చెమ్మ, పదును, ఊట, నెమ్ము. పక్కన ప్రతిదానికీ రైతు నోట విన్న అర్థం. "పదును"కు ఎదురుగా, విత్తనం వెయ్యడానికి తగినంత తడి అని ఉంది. "నెమ్ము"కు ఎదురుగా ఏం రాశారో సిరా కారిపోయి కనిపించలేదు. ఆ అర్థం నేను నా డబ్బుతో కొనుక్కున్నాను.

మిగిలిన పేజీలను రోజుకు రెండేసి చొప్పున ఎత్తిరాస్తున్నాను. ఇప్పుడు సెలవుల కోసం ఆగడం లేదు.

మొన్న సంక్రాంతికి వచ్చిన చుట్టం ఒకాయన నడిమింటి గోడ చూసి, "ఏందయ్యా, ఈ కాలంలో సున్నం గోడలేంది? మంచి రంగు వేయించకపోయావా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా అమ్మ ఆయన్ను పక్కగదిలోకి తీసుకెళ్లింది. సున్నం వెయ్యకుండా వదిలిన రెండు జానల గోడ అక్కడ ఉంది. దానిమీద నా పెన్సిలు గీతలున్నాయి. పిల్లల ఎత్తు కొలిచిన గీతల్లా ఉంటాయవి. కాకపోతే ఇవి కిందికి దిగుతూ వచ్చాయి. అన్నిటికన్నా కింది గీత మోకాలి దగ్గర ఉంది.

"ఇక్కడ ఆగింది నాయనా, మా మామగారి రోజుల్లో ఉన్నచోటనే" అంది అమ్మ.